పై వాటా వాషింగ్ మెషిన్

పై వాటా అమ్మాయికి, కింది వాటా మామ్మ కిటికీ పక్కన కూర్చుని దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, కుడి మోకాలు తప్ప. నువ్వేమో మెట్ల మీద ఎదురైతే తల వంచుకుని, గోడకి సున్నం వేసినట్టు అంటుకుపోయి వెళ్లిపోతావు. పలకరిస్తే నువ్వు చెప్పే జవాబు నా చెవికి అందదు. పైకొచ్చి అడుగుదామంటే మోకాలు ఒప్పుకోదు. అందుకే నువ్వు పాల ప్యాకెట్ కోసం కిటికీలోంచి దించే బుట్టలో ఈ ఉత్తరం పెడుతున్నాను.

సంగతేమిటంటే, సాయంత్రం నువ్వు ఉద్యోగం నుంచి రాగానే నీ గదిలో ఏదో ధుమ్ ధుమ్మని మొదలవుతుంది. చెవికి కాదు, నా అరికాళ్లకి తెలుస్తుంది. బీరువాలో గాజు గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి. అది వాషింగ్ మెషినే. కాళ్లు సమంగా లేకపోతే మెషిన్ అలాగే గంతులేస్తుంది. పై వాటాలో వాషింగ్ మెషిన్ పెట్టకూడదని ఇంటాయన అందరికీ చెప్పాడు. భయపడకు, నేను చెప్పే మనిషిని కాను. దాని కాలి కింద ఓ అట్టముక్క మడిచి పెట్టు, అదే సర్దుకుంటుంది.

ఇప్పటికి ఇంతే,
దుకాణాలకి కర్టెన్లు కుట్టే మీ కింది వాటా మామ్మ

తా.క.: ఒక్కదానివి. రోజూ ఉతకడానికి అన్నేసి బట్టలు ఎక్కడివే తల్లీ?


పూజ్యులైన మామ్మగారికి, పై వాటా అమ్మాయి నమస్కరించి రాయునది.

మీ గ్లాసులకి నా క్షమాపణలు. కానీ నా దగ్గర వాషింగ్ మెషిన్ లేదు. మీకు తెలుస్తున్నది బేస్ గిటార్. మామూలు గిటార్‌కి అన్నగారి లాంటిది. నాలుగే తీగలు, లావుగా ఉంటాయి, గొంతు కూడా లావే.

నేను లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకి అట్టలు వేస్తాను. మిగిలిన వేళ మాట్లాడేవాళ్లని ఊరుకోమంటాను. సాయంత్రానికి నాలోపలే చాలా శబ్దం పోగుపడుతుంది. ఒక పళ్ల డాక్టరుగారు, ఒక బేకరీ ఆయన కలిసి సరదాకి బ్లూస్ రాక్ బ్యాండు పెట్టారు. బ్లూస్ అంటే దిగులు పాటలు. రాక్ అంటే అదే దిగులు, గట్టిగా. డాక్టరుగారు గిటార్ వాయిస్తూ పాడతారు, బేకరీ ఆయన డ్రమ్స్. నేను వెనక నిలబడి బేస్ వాయిస్తాను. నోరు విప్పకుండా నలుగురితో కలిసి ఉండగలిగే చోటు నాకు ఇదొక్కటే దొరికింది. త్వరలో మా మొదటి కచేరీ ఉంది. అందాకా దయచేసి ఓర్చుకోండి.

నమస్సులతో,
పై వాటా అమ్మాయి

తా.క.: నేను వాయించేటప్పుడు మీ వైపు గోడలో నీళ్ల పైపు టక్ టక్‌మంటుంది. దయచేసి ఇప్పుడే బాగుచేయించకండి. తాళానికి నాకు అదే ఆధారం.


అబద్ధమాడటం చేతకాని పై వాటా అమ్మాయికి, మామ్మ ఆశీస్సులు.

గిటార్ అంటే నాకు తెలీదనుకున్నావా? మా కూతురి కొడుక్కి ఉంది. అది టింగ్ టింగ్‌మంటుంది. గిటార్ ఎక్కడైనా గ్లాసుల్ని కదిలిస్తుందా? పైగా దానికి అన్నగారట! పుస్తకాలు చదివేవాళ్లకి కథలు కల్పించడం ఎంతసేపు. నేను ఇంటాయనకి చెప్పనని రాశాగా, ఇంకా ఎందుకమ్మా భయం?

నీ మెషిన్ సంగతి నీకంటే నాకే బాగా తెలుసు. మొదట బుద్ధిగా తిరుగుతుంది, పోనుపోను వేగం అందుకుంటుంది. ఈమధ్య మొదలవడమే పరుగుతో మొదలవుతోంది. ఇలాగైతే ఏదో ఒకరోజు అది నేల చీల్చుకుని నా ఒళ్లో పడుతుంది. మా చెల్లెలి కొడుకు మెషిన్లు బాగుచేస్తాడు. వాణ్ణి పంపుతున్నాను. నోరున్నవాడే కానీ మనసు మంచిది.

ఇంక సెలవు,
మామ్మ

తా.క.: ఏ పైపు గురించే నువ్వు రాసింది? ఆ గోడలో పైపే లేదు.


పూజ్యులైన మామ్మగారికి, నమస్కారాలు.

మీ చెల్లెలి కొడుకుగారు వచ్చారు. మంచం కింద చూశారు, పుస్తకాల వెనక చూశారు, బాత్రూమ్‌లో చూశారు. "ఎక్కడ దాచావు చెల్లెమ్మా?" అన్నారు. నేను బేస్ గిటార్ చూపించాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి, "ఇందులోకి నీళ్లు ఎటునుంచి పోతాయి?" అని అడిగారు. వాయించి చూపించాను. కళ్లు మూసుకుని విని, "బేరింగ్ పోయింది" అన్నారు. గిటార్ శబ్దాన్ని పెద్దది చేసే స్పీకర్ పెట్టె ఉంటుంది, దానికి వెనక వదులుగా ఉన్న స్క్రూలన్నీ బిగించి వెళ్లారు. ఇప్పుడు శబ్దం ఇంకా గట్టిగా వస్తోంది. మీ గ్లాసులకి ముందే చెబుతున్నాను.

మామ్మగారూ, నా మనసు బాగాలేదు. మొన్నటి సాధనలో డాక్టరుగారు పాట మధ్యలో ఆపేశారు. "ఏమ్మా, ఇది భార్య వదిలేసి వెళ్లిపోయినవాడి పాట. నువ్వు వాయిస్తుంటే వాడే బస్సు అందుకోవడానికి పరిగెడుతున్నట్టుంది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. వచ్చే సాధనకి కూడా ఇలాగే పరిగెడితే నా చోటు ఆయన బామ్మర్దికి ఇస్తారట. రోజూ ఇంట్లో సాధన చేస్తూనే ఉన్నాను. ఎంత సాధన చేస్తే అంత వేగం పెరుగుతోంది. ఎందుకో అర్థం కావడం లేదు.

ఇట్లు,
పై వాటా అమ్మాయి

తా.క.: పైపు లేదన్నారు కానీ ఉంది. అదీ ఈమధ్య పరిగెడుతోంది. ముందు రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. దయచేసి బాగుచేయించండి.


పై వాటా అమ్మాయికి, మంచం మీద కాలు చాపుకుని మామ్మ రాస్తున్నది.

దిగులు పడకు. ఆ పళ్ల డాక్టరెవరో నాకు అర్థంకాలేదు కానీ, పిల్లని నలుగురిలో నవ్వులపాలు చేసినవాడి దగ్గర నేను పన్ను పీకించుకోను.

నా సంగతి విను. ఈమధ్య నా కాలికి ఏం పూనిందో ఏమో, కుట్టు మిషన్ మీద పెడితే చాలు, ఆగదు. కర్టెన్లు చెప్పిన రోజు కంటే ముందే అయిపోతున్నాయి. దుకాణం ఆయన "మామ్మగారూ, మీకు వయసు వెనక్కి తిరుగుతోందా?" అని ఒకటే పొగడ్త. ఆ పొగడ్తకి పొంగిపోయి ఇంకా తొక్కాను. తీరా చూస్తే మోకాలు గుమ్మడికాయంత అయింది. డాక్టరు, అదే మోకాలి డాక్టరు, మిషన్ మానెయ్యమన్నాడు. మానను అన్నాను. అయితే మెల్లగా తొక్కండి, ఊయల ఊపినట్టు అన్నాడు. ఇప్పుడు అలాగే తొక్కుతున్నాను.

మంచి వార్త ఏమిటంటే, నీ మెషిన్ బాగుపడింది! రెండురోజులుగా ఎంత నెమ్మదిగా తిరుగుతోందో. మావాడు బిగించిన స్క్రూలు మెల్లగా పనిచేసినట్టున్నాయి. వాణ్ణి ఎవరూ నమ్మరు కానీ చేతిలో విద్య ఉంది.

దీవెనలతో,
మామ్మ

తా.క.: ఎలాగూ బాగైంది కదా, నా దుప్పట్లు రెండు బుట్టలో పెట్టాను. ఈ మోకాలితో నేను ఉతుక్కోలేను. నీ బట్టలతోపాటే ఓ తిప్పు తిప్పు. నీలందానికి రంగు పోతుంది, విడిగా వెయ్యి.


పూజ్యులైన మామ్మగారికి, పై వాటా అమ్మాయి సంతోషంగా నమస్కరిస్తున్నది.

దుప్పట్లు బుట్టలో పంపుతున్నాను. నీలందాన్ని విడిగానే ఉతికాను. కొంచెం తడి ఉంటుంది, పిండటానికి బలం చాలలేదు.

నిన్నటి సాధనలో అద్భుతం జరిగింది. పైపు చప్పుడు మనసులో పెట్టుకుని వాయించాను. పాట అయ్యాక డాక్టరుగారు గిటార్ పక్కన పెట్టారు. తర్వాత "ఇప్పుడు వాడి భార్య నిజంగా వదిలేసి వెళ్లిపోయింది" అన్నారు. బేకరీ ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఆయనకి కళ్లలో పిండి పడినా నీళ్లొస్తాయి, కానీ నేను అలా అనుకోదలచుకోలేదు. బామ్మర్ది తన గిటార్ తీసుకుని వెళ్లిపోయాడు.

ఇదంతా మీరు పైపు బాగుచేయించినందువల్లే. ఇంత నిదానంగా, ఇంత నిలకడగా కొట్టుకునే పైపుని నేను ఎక్కడా వినలేదు. ఏ ప్లంబర్‌తో చేయించారో ఆయనకి నా కృతజ్ఞతలు చెప్పండి.

ఆదివారం మధ్యాహ్నం కచేరీ. మా లైబ్రరీ రీడింగ్ హాల్లోనే. గోడమీద 'నిశ్శబ్దం' అన్న బోర్డు తీయడానికి రాలేదు, దాని కిందే డ్రమ్స్ పెడుతున్నాం. మీరు రావాలి. మెట్లు లేవు. నాకు భయంగా ఉంది మామ్మగారూ. సాధనలో ఒక్కసారి బాగా వచ్చింది. జనం ముందు మళ్లీ పరిగెడతానేమో. ఆ హాల్లో పైపు లేదు.

ఇట్లు,
పై వాటా అమ్మాయి

తా.క.: మెషిన్ ఎలా ఉంటుందో కూడా అక్కడ చూద్దురుగాని.


మా పై వాటా అమ్మాయికి, కింది వాటా మామ్మ ముద్దులు పెట్టి రాస్తున్నది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా రాస్తున్నాను. ముందు వరసలో చెక్క కుర్చీ వేయించావు, మంచిపని చేశావు. మీ డాక్టరు పాడింది ఒక్క ముక్క వినపడలేదు. నోరు మాత్రం బాగా తెరిచాడు, పళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఇంతలో కుర్చీ కాళ్లలోంచి నా అరికాళ్లలోకి ఎక్కింది, ధుమ్ ధుమ్! "ఓసి నా వాషింగ్ మెషినూ!" అని పైకే అన్నాను. పక్కనావిడ బోర్డు చూపించింది. తలెత్తి చూస్తే అది నీ మెడలో వేలాడుతోంది. మొదటి ఉత్తరంలోనే నిజం చెప్పావు, నేనే వినలేదు. ఏమీ అనుకోకు తల్లీ.

తర్వాతది విను. దిగులు పాట మధ్యలో మీ బేకరీ ఆయన హడావిడి పడ్డాడు. ఓవెన్‌లో ఏదో మాడిపోతున్నట్టు కొట్టాడు. నీ ముఖం పాలిపోయింది. దిక్కులు చూస్తూ చూస్తూ నా పాదం దగ్గర ఆగావు. నా కాలు దానంతటదే నేలని తొక్కుతోంది, మిషన్ మీద తొక్కినట్టు, మెల్లగా, నొప్పి కాలు కదా. నువ్వు ఆ నడకని పట్టుకున్నావు. బేకరీ ఆయన నిన్ను పట్టుకున్నాడు. డాక్టరు ఇద్దర్నీ పట్టుకున్నాడు. ఆఖర్న అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నువ్వు తల వంచుకున్నావు కానీ గోడకి అంటుకోలేదు. చూశాను.

దారంతా అదే ఆలోచించాను. నా కుట్టు మిషన్ ఉన్నది సరిగ్గా నీ గది కింద, ఆ గోడకి ఆనించి. అమ్మాయీ, ఆ పైపుని నేనే.

అంటే ఇన్నాళ్లూ నువ్వు నన్ను అందుకోవాలని వాయించావు, నేను నిన్ను అందుకోవాలని తొక్కాను. ఒకరి వెనక ఒకరం పరిగెత్తి పరిగెత్తి, నువ్వు పళ్ల డాక్టరుతో మాటపడ్డావు, నేను మోకాలి డాక్టరు దగ్గర పడ్డాను. పరుగు మొదలుపెట్టింది ఎవరో తర్వాత తగువు పెట్టుకుందాం. ఆపింది మాత్రం నా మోకాలు. ఇవాళ కొట్టిన చప్పట్లలో సగం దానివి.

రేపు సాయంత్రం మళ్లీ మొదలుపెట్టు. గ్లాసుల మధ్య గుడ్డముక్కలు పెట్టేశాను.

నీ తాళం,
మామ్మ

తా.క.: మరి నీ దగ్గర మెషినే లేకపోతే నా దుప్పట్లు ఎవరు ఉతికారే? ఆ లావు తీగలు మీటే వేళ్లతోనా? ఈసారి బుట్టలో దించకు. తడిగానే పట్టుకుని మెట్లు దిగి రా. నువ్వో కొస పట్టుకుంటే నేనో కొస పట్టుకుంటాను. మెల్లగా పిండుదాం.