తోట మట్టికి మూడో మేత

అన్నయ్యా,
నేను కులాసానే, నడుము నొప్పి తప్ప. నువ్వు పంపిన నిమ్మతోట మట్టిలోని బాక్టీరియాకు బలమైన మేత పెట్టి రెండుసార్లు పెంచాను. రెండుసార్లూ ఒక్క రకమే జిగురులా గాజు పళ్ళెమంతా కమ్మేసి, మిగతావాటిని కనపడనివ్వలేదు. మా ల్యాబు సారు చూసి, "విందు పెడితే తిండిపోతులే ముందు కూర్చుంటాయమ్మా, మేత తగ్గించి చూడు" అన్నారు. మూడోసారి ఆ మట్టినే ఉడికించి, వడకట్టిన నీళ్ళతో పలచటి మీడియం, అంటే వాటి మేత, చేశాను. పద్దెనిమిది రోజులు కాచుకున్నాక ఇవాళ ఆవగింజలో సగమంత కొత్త రకాల చుక్కలు కనిపించాయి. మన చెట్లు ఎండిపోయేలా చేస్తున్న బాక్టీరియా వాటిలో ఉందో లేదో తేలడానికి ఇంకో నెల పడుతుంది. మట్టి అయిపోయింది, వేళ్ళ దగ్గరిది రెండు దోసిళ్ళు గుడ్డసంచిలో పంపు. వదిన దగ్గు తగ్గిందా? అమ్మకు నమస్కారాలు, పాపకు ముద్దులు. మిగిలిన చెట్లు మాత్రం పీకించకు. కాస్త ఓపిక పట్టు, నా దగ్గరున్నదీ అదొక్కటే.
నీ చెల్లి