విలాడ్స్ బండి

వైలె,
నవంబరు 12

అమ్మకు ఆస్గర్ ముద్దులు. ఇక్కడ నాన్నా, నేనూ, మన ముసలి పిల్లీ బాగానే ఉన్నాం. గ్రీన్‌లాండ్ చలిలో, ఆ ఆసుపత్రి డ్యూటీల మధ్య నువ్వూ బాగున్నావనుకుంటాను.

అడిగినవి చెబుతాను. కఫం తీసే దగ్గు మిషను రోజూ రెండుసార్లు పెట్టుకుంటున్నాను. నాన్న వంట ఇంకా రై రొట్టె దాటలేదు. చక్రాల కుర్చీల హాకీలో ఆర్హస్ జట్టు మీద గెలిచాం, రెండు గోల్స్ నావే.

ఆటకు కూర్చునే కొత్త కరెంటు బండి ఎలా ఉందన్నావు. కొత్తది కాదమ్మా, మా జట్టులో ఆడిన విలాడ్స్‌ది. నాది మరమ్మతుకు వెళితే, వాళ్ళమ్మ క్లబ్బుకిచ్చిన బండిలో నన్ను కూర్చోబెట్టారు. వాడు పోయి ఏడాదైనా సీటులో వాడి ఒంటి పల్లం అలాగే ఉంది. ఒక్కొక్కరి చేతికి తగ్గట్టు బండి కదిలేలా ఒక్కో నంబరు పెడతారు కదా, వాడి నాలుగో నంబరు ఎవరూ చెరపలేదు. నాకు పెట్టిన నంబరులో బండి మొండికేసింది. ఊరికే నాలుగు నొక్కాను.

నా మనసులో మాట ముందే విన్నట్టు తిరిగింది. బంతి దగ్గరికి పోయి, కొట్టబోయే ముందు జానెడు వెనక్కి తగ్గింది. అది విలాడ్స్ ఎత్తు. గోల్‌కీపర్లందరినీ వాడు అలాగే బోల్తా కొట్టించేవాడు. నేను చెయ్యలేదమ్మా, బండి నడిపే మీటను నేను వేలితో ముందుకే నెట్టాను. హాల్లో అరుపులు ఆగిపోయాయి. మెట్ల మీద వాళ్ళమ్మ లేచి నిలబడింది. ఆట అయ్యాక వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఇంకోసారి చేసి చూపించు నాన్నా" అంది.

తర్వాత ప్రతి ఆటలోనూ అంతే. "ఒరేయ్ విలాడ్స్, ఆస్గర్‌గాడికి కూడా ఒక గోల్ వదలరా" అని మావాళ్ళ వేళాకోళం. నవ్వేవాళ్ళు గానీ ఆ బండిని ఎవరూ తాకేవారు కాదు. నా మెడ వెనక వాడి ఊపిరి మిషను చప్పుడు వినిపించేది. నేనూ వాడితో మాట్లాడటం మొదలుపెట్టాను.

ఇక నాన్నకు కూడా చెప్పనిది. బండ్లు సరిచేసే మా కోచ్ పాలె పోయిన వారం కంప్యూటరు తగిలించి చూశాడు.

"ఎవడూ పూనలేదురా. బలం తగ్గిన వేలికి పెట్టిన నంబరది. ఈగ వాలినా కదులుతుంది."

"మరి ఆ వెనక్కి తగ్గడం?"

పాలె కంప్యూటరు తీగ పీకేశాడు. "వేలు జారడంరా. వాడిదీ అంతే. ఎత్తు అని మీరనుకున్నారు, వాడు నవ్వి ఊరుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు."

దయ్యమే అయితే ఎంత బాగుండేదమ్మా. ఇద్దరిదీ ఒకటే కండరాల జబ్బు, నా వేలు వాడి చివరి ఏడాది వేలైపోయింది. ఆగస్టులోనే చేతిలోంచి చెంచా జారుతుంటే తెలుసు నాకు. భయమేసి ఎవరికీ చెప్పలేదు.

శనివారం ఆటగాళ్ళ చేతుల బలం చూసి పాయింట్లు వేసే ఆవిడ వస్తోంది. నిజం చెబితే చేతిలో హాకీ కర్ర తీసేసి బండి ముందు బిగిస్తారు. పదకొండేళ్ళు తిప్పిన కర్ర. దాచేద్దామనుకున్నాను, నవ్వి ఊరుకోవడం నాకూ వచ్చు. కానీ విలాడ్స్ వాళ్ళమ్మకు అదింకా ఎత్తే. కొడుకు చెయ్యి పడిపోతుంటే ఆవిడ చప్పట్లు కొట్టింది. నిన్ను అలా కూర్చోబెట్టలేను. శనివారం చెప్పేస్తాను.

అక్కడ ఇంకో ఏడాదికి సంతకం పెట్టమంటావా అని చివర్న అడిగావు. పెట్టమనే రాద్దామని కూర్చున్నాను. పెట్టకమ్మా. వచ్చెయ్.

ఇట్లు,
నీ చిన్నోడు
ఆస్గర్