టెస్ట్ రైడ్ ఫారం

తెనాలి,
మంగళవారం.

నాన్నా,

కవరులో బ్రోచరు చూసి, షోరూము వాళ్ళు పంపారనుకుని పక్కన పడేయకు. లోపలి ఉత్తరం నాది. మొన్న శుక్రవారం నువ్వు వెళ్ళేటప్పుడు, బండి బొమ్మల కాగితం ఒకటుంటే ఇస్తారా అని నన్నడిగావు. అయిపోయాయన్నాను. అయిపోలేదు. నా వెనక అలమరలో కట్టలు కట్టలున్నాయి. నువ్వు తొందరగా వెళ్ళిపోతే చాలనిపించి అలా అన్నాను. ఈ చిన్న అబద్ధం ముందు ఒప్పేసుకుంటే పెద్దవి చెప్పడం తేలికవుతుందని దీంతో మొదలుపెట్టాను.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావేమో. నాలుగు రోజులుగా చేస్తూనే ఉన్నాను. తిన్నావా అంటావు, తిన్నానంటాను, ఇదిగో మీ అమ్మ అని ఫోను అమ్మకిచ్చేస్తావు. అమ్మ మాటలు వింటే నువ్వు తెనాలి వచ్చిన సంగతే ఆమెకు తెలీదని అర్థమైంది. ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పలేదన్నమాట. తిట్టినా బాగుండేది నాన్నా.

నా ఉద్యోగం ఎలాంటిదో మీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మూడేళ్ళ కిందట నేను చేరినప్పుడు షోరూములో ముందు వరసంతా మైలేజీ బండ్లే. వచ్చినవాళ్ళు అద్దాల తలుపు తోస్తూనే "లీటరుకి ఎంత ఇస్తుందమ్మా" అనేవాళ్ళు. ఆ బండ్లిప్పుడు వెనక గోడ దగ్గరికి పోయాయి. ముందు వరసలో తాడిచెట్టంత బండ్లు వచ్చి కూర్చున్నాయి. పొడుచుకొచ్చిన ముక్కు, చువ్వల చక్రాలు, ట్రాక్టరుకున్నట్టు గళ్ళ టైర్లు. అడ్వెంచర్ బండ్లంటారు. వీటి కోసం వచ్చే కుర్రాళ్ళు మైలేజీ ఊసెత్తరు. బండి కింద నేలకీ ఇంజనుకీ మధ్య ఎంత ఖాళీ ఉందని అడుగుతారు. అందరి ఫోనుల్లో లద్దాఖ్ వీడియోలే. మన డెల్టాలో ఎక్కడానికి కాలవ గట్టు, రైల్వే ఓవర్‌బ్రిడ్జి తప్ప ఏమున్నాయి చెప్పు? అయినా కొండలెక్కే బండే కావాలి. మొన్నొక బ్యాంకు ఉద్యోగి కాళ్ళు నేలకానక బొటనవేళ్ళ మీద నిలబడి కూడా అదే కావాలని పట్టుబట్టాడు. ఆదివారం సంగం జాగర్లమూడి దాకా కాలవ గట్టున వెళ్ళొస్తాడు. కాస్త మట్టి అంటితే సోమవారం పొద్దున్నే తెచ్చి మా దగ్గరే కడిగిస్తాడు. ఆయన్ని వెక్కిరించడం లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కడికైనా పోగలనన్న ధీమా మనిషికెంత హాయో ఆయన మొహంలో చూశాను. నేను అమ్మేది ఆ ధీమానే.

మా దగ్గర ఇంకో పద్ధతుంది. వచ్చిన ప్రతివాళ్ళనీ వరస పెట్టి పిలవాలి. సార్ అంటే బేరమాడతారు, బాబాయ్ అంటే కూర్చుంటారు అని మా మేనేజరు గౌరీశంకరం గారి సిద్ధాంతం. మూడేళ్ళలో నాకు ఎంతమంది బాబాయిలు, ఎంతమంది అన్నయ్యలు, ఎంతమంది పిన్నులో లెక్కే లేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళందరూ చుట్టాలే. అలాంటి షోరూములోకి శుక్రవారం పదకొండింటికి మా నాన్న, పెళ్ళిళ్ళకు కట్టే పంచె కట్టుకుని, తెల్లచొక్కా వేసుకుని వస్తే నేను ఏమన్నాను? "రండి సార్" అన్నాను. మూడేళ్ళలో నేను సార్ అన్న మొదటి మనిషివి నువ్వే.

ఎందుకన్నానో చెప్తాను. నేను చేరిన కొత్తలో నీలాగే చేపలమ్మే ఒకాయన బండి చూడ్డానికి వచ్చాడు. ఆయన వెళ్ళగానే నాతోపాటు పనిచేసే సింధు సెంటు స్ప్రే తీసి షోరూమంతా కొట్టింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నమే భోజనాల దగ్గర మీ నాన్న ఏం చేస్తారని అడిగింది. ఆక్వా అన్నాను. ఆక్వా అంటే ఇక్కడ రొయ్యల చెరువులు, కార్లు, మేడలు. నేను మళ్ళీ దిద్దలేదు. అలా మూడేళ్ళుగా నువ్వు తెనాలిలో చెరువుల ఆసామివి. శుక్రవారం సింధు నా పక్కనే ఉంది. నువ్వు నోరు తెరిచి అమ్మాయీ అనకముందే నేను సార్ అనేశాను.

నువ్వు ఒక్క క్షణం నా మొహం చూశావు. అంతే, అర్థమైపోయింది నీకు. "బండి చూద్దామని వచ్చానండి" అన్నావు. నాతో, అండి అని.

తర్వాత టెస్ట్ రైడ్ ఫారం రాయాలి. పెన్ను తీసి, తల ఎత్తకుండా, "మీ పేరేంటండీ" అని అడిగాను. కన్నతండ్రిని పేరడిగాను. "సంజీవరావండి, ఊరు నగరమండి" అన్నావు. లైసెన్సు చూపించమని అడగలేదు, అందులో అసలు పేరుంటుందిగా. మా షోరూము గురించి ఎవరు చెప్పారనే గడి ఒకటుంటుంది ఫారంలో. బోర్డు చూసి వచ్చానన్నావు. తేలు కుట్టిన దొంగలా అన్నీ రాసుకున్నాను.

నువ్వడిగినవి కూడా గుర్తున్నాయి. వెనక ఎంత బరువు ఆగుద్దండి, ఉప్పునీళ్ళు పడితే చైను తుప్పు పడుద్దా, వానాకాలం గట్టు మీద జారుద్దా. సింధు నవ్వాపుకుంటూ పక్కకు పోయింది. నాకప్పుడు ఒకటి తట్టింది. దారిలేని చోట్లకు పోయే బండి అని రోజూ పాఠం అప్పజెప్తాను. కొనేవాళ్ళలో సగం మంది దాన్ని తారు రోడ్డు దింపరు. మూడేళ్ళలో నిజంగా దారిలేని చోట తిరిగే మనిషి నువ్వొక్కడివే వచ్చావు, నిన్ను పంపేయడానికి నేను దారి వెతికాను.

ఇక నువ్వు నడిపిన తీరు. కాలవ గట్టు మీద పంచె ఎగ్గట్టి, మోకాళ్ళు కాస్త వంచి లేచి నిలబడి, పడవ మీద నిలబడ్డట్టే నిలబడి బురదలోంచి తీసుకెళ్ళావు. గౌరీశంకరం గారు వీడియో తీసుకుని మురిసిపోయారు. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం మా దగ్గర బండ్లు కొన్నవాళ్ళందరూ తెనాలి నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక బీచికి వెళ్తున్నారు. పోయినసారి ఇసుకలో ఒక్కడు మిగలకుండా పడ్డారు. ఆ సంజీవరావు గారు వచ్చి ఇసుకలో ఎలా నడపాలో చూపిస్తే బాగుంటుంది, ఫోన్ నంబరు పట్టమ్మా అని రోజూ నా ప్రాణం తీస్తున్నారు.

ఇంతవరకే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో. నాలో అంత మంచితనం లేదు. శనివారం పొద్దున మా షోరూము వీధి చివర టిఫిన్ బండి ఫ్లోరెన్స్ ఆంటీ, "నిన్న మీ నాన్న వచ్చాడుగా" అంది. నువ్వు నీ ఎక్సెల్ మోపెడ్‌ని ఆమె దగ్గర ఆపి, వెనక చేపల పెట్టెల మీద గోనెసంచి కప్పావట. మా అమ్మాయికి ఆ షోరూములో పెద్ద ఉద్యోగం, ఇది అక్కడ పెడితే బాగోదన్నావట. తర్వాత నిమ్మచెక్క అడిగి తీసుకుని చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నావట. అంటే నేను సార్ అనకముందే నన్ను కాపాడటానికి నువ్వు సిద్ధపడి వచ్చావు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట ఇడ్లీ తినలేదు.

షోరూములో నిజం చెప్పాలనుకుంటున్నాను. చెప్పేముందు నీ మాట కావాలి. ఆ ఆదివారం వస్తావా? సంజీవరావుగా కాదు. రాలేనంటే ఎందుకని అడగను. అడిగే ముఖం లేదు.

నీ కూతురు,
తిరపతమ్మ.

నిజాంపట్నం,
శుక్రవారం.

అమ్మాయి తిరపతమ్మకు,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మకు మోకాలి నెప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి మీ అమ్మకు చదివి వినిపించాను. అప్పటిదాకా చెప్పనందుకు నాకు పడాల్సినవి పడ్డాయి. ఏడో తరగతి తర్వాత ఇంత రాయడం ఇదే, తప్పులుంటే సర్దుకో.

బాధపడ్డావా అని నువ్వు అడగలేదు గానీ చెప్తున్నాను. పడ్డాను. సార్ అన్నందుకు కాదు, పేరడిగినందుకు. తల దించుకుని అడిగావు చూడు, అప్పుడు ఒక నిమిషం నా పేరు నాకే గుర్తు రాలేదు. నగరం హైస్కూల్లో మీ హెడ్మాస్టరు సంజీవరావు గారు కదా. నా కూతురికి చెప్పుకోడానికి నామోషీ లేని మనిషెవరా అని చూస్తే ఆయన తోచాడు. తిరిగొచ్చేటప్పుడు రేపల్లె దాకా కళ్ళెంట నీళ్ళు ఆగలేదు. రేపల్లెలో ఆకలేసింది. ఆగి నాలుగిడ్లీ తిన్నాను. మనిషి అంతే.

ఇప్పుడు నా సంగతి విను. ఇది మొన్నటిదాకా మీ అమ్మకు కూడా చెప్పలేదు.

నువ్వు చేరిన కొత్తలో హార్బర్లో మా అమ్మాయి తెనాలి షోరూములో పనిచేస్తుందనే చెప్పాను. కొన్నాళ్ళకు నోటిదూల ఆగక మేనేజరన్నాను. పోయిన ఏటి నుంచి షోరూమంతా నీ చేతి కిందే నడుస్తుంది. ఏసీ గదిలో కూర్చుని సంతకాలు పెడతావు, పదిమంది నీ మాట కోసం నిలబడతారు. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. నిన్ను ఆ గదిలో చూడాలనే వచ్చాను ఆ శుక్రవారం. బండి ఒక వంక. మేనేజరమ్మ తండ్రి చేపల పెట్టెలేసుకుని వస్తే బాగోదనే ఎక్సెల్‌ని ఆ టిఫిన్ బండి ఆవిడ దగ్గర పెట్టాను. నీ కోసమని నువ్వనుకుంటున్నావు. సగం నా గొప్ప కోసమే.

తలుపు తోసి చూస్తే నువ్వు గుడ్డ పట్టుకుని, వంగి చక్రం తుడుస్తున్నావు. నువ్వు తలెత్తే లోపల నా మొహం ఎలా మారిందో నువ్వు చూడలేదు. నేను చూసుకున్నాను, అంతా అద్దాలే కదా. హార్బరు వాళ్ళు ఎవరన్నా నా వెంట ఉండి ఉంటే, ఈ అమ్మాయెవరో నాకు తెలీదని నేనే అని ఉందును. అననని ఒట్టు పెట్టలేను తల్లీ. నాకంటే ముందు నువ్వన్నావు, అంతే తేడా. నువ్వు నన్ను చెరువుల ఆసామిని చేశావు, నేను నిన్ను మేనేజర్ని చేశాను. దొందూ దొందే.

పెద్దవాణ్ణి కాబట్టి ముందు నేనే దిద్దుకున్నాను. నిన్న వలలు బాగుచేసే చోట కూర్చుని అందరికీ చెప్పేశాను. మా అమ్మాయి మేనేజరు కాదు, బండ్లు అమ్ముతుంది, తుడుస్తుంది కూడా అని. మన పక్కింటి బాబి తలన్నా ఎత్తకుండా, "మాకెప్పుడో తెలుసు పెదనాన్నా, నువ్వు సంతోషపడుతున్నావని ఊరుకున్నాం" అన్నాడు. మూడేళ్ళు నేను చెప్తుంటే ఊఁ కొట్టారు వెధవలు.

నువ్వన్న ఆదివారం వస్తాను. ఆ బండి నాకు నచ్చిన మాట నిజం. కొనేదీ లేనిదీ ఇసుకలో నడిపాక చెప్తాను. వచ్చేది మాత్రం ఎక్సెల్ మీదే, పెట్టెలతోనే. ఫ్లోరెన్స్ గారి దగ్గర ఆపను, మీ షోరూము మెట్ల ముందే ఆపుతాను. నువ్వు ఆ ఫారం మళ్ళీ రాయాలి. అందరూ ఉండగా, తల ఎత్తి, మీ పేరేంటండీ అని అడుగు. ఈసారి సరిగ్గా చెప్తాను.

మీ నాన్న,
లక్ష్మయ్య.

తెనాలి,
బుధవారం.

నాన్నా,

చెప్పేశాను. సోమవారం పొద్దున షోరూము తెరవగానే, అందరూ ఉండగా. ఆ సంజీవరావు గారు మా నాన్న, పేరు లక్ష్మయ్య, హార్బర్లో చేపలు తెచ్చి నగరం, రేపల్లెలో అమ్ముతాడు, మాకు చెరువుల్లేవు అని ఒక్క గుక్కలో అనేశాను. గౌరీశంకరం గారు, "మరి ఫోన్ నంబరుకు పది రోజులు తిప్పావేంటమ్మా" అన్నారు. ఆయన బాధ ఆయనది.

సింధు మధ్యాహ్నం పక్కన కూర్చుని, ఆ రోజు సెంటు కొట్టి నవ్వినందుకు ఏమీ అనుకోవద్దంది. అనుకున్నానని చెప్పాను. నేనూ నవ్వాను కాబట్టి నన్ను నేను కూడా అనుకున్నానని చెప్పాను. ఇద్దరం ఒకే క్యారేజీలో తిన్నాం.

కొత్త ఫారం తీసి పెట్టాను. పేరు గడి ఖాళీగా ఉంచాను, అది నీ నోట విని రాస్తాను. మా షోరూము గురించి ఎవరు చెప్పారనే గడి మాత్రం ఆగలేక ముందే నింపేశాను. కూతురు అని రాశాను.

అమ్మను కూడా తీసుకురా, సూర్యలంకలో నువ్వు ఇసుకలో నిలబడి నడుపుతుంటే చూస్తుంది. ఇంకొక్క మాట. దారిలో ఫ్లోరెన్స్ ఆంటీ నిన్ను ఆపి పలకరిస్తుంది, ఇడ్లీ పెడుతుంది, తిను. నిమ్మచెక్క ఇవ్వబోతే మాత్రం తీసుకోకు.

నీ కూతురు,
తిరపతమ్మ.