బాపు కొక్కెం

కరీంనగర్, 14-8-1959

బాపుకు దండాలు. నేను బాగున్నాను, ఫికరు పడకు.

క్రోషియా క్లాసులో కొక్కెం సూది కావాలన్నారని రాస్తే, నువ్వు మగ్గం పన్నె పళ్ల సందుల్లోంచి పోగులు లాగే కొక్కెం పంపావు. దానితోనే మొదలుపెట్టాను. నాలుగు గొలుసులు అల్లేలోపే దారం చీలిపోయింది. మా పంతులమ్మ దాన్ని తిప్పి చూసి, "గిది మగ్గానికి మంచిదే బిడ్డా, అల్లికకు గాదు. మెడ గుండ్రంగ, మూతి నున్నగ ఉండాలె" అన్నది. తర్వాత ఆమెతో దుకాణానికి పోయినప్పుడు నేను సాలోళ్ల బిడ్డనని గొప్పకు పోయి, అన్నిటికన్నా సన్నదారం పట్టుకున్నాను. దాన్ని కూడా వాపసు పెట్టించింది. "ముందుగాల దొడ్డు సూది, దొడ్డు దారం తీస్కో, తెల్లది. కంటికి కానరాకుంటే చెయ్యి నేర్వది" అన్నది. రెండూ కొన్నాను. ఇంట్లో నూలు పంపకు, గంజితో బిరుసుగా ఉంటుంది. అవ్వ చిన్న కత్తెర మాత్రం కావాలి. అవ్వకు జ్వరం తగ్గిందా?

నిన్న మన ఊరి నుంచి నూలుకోసం ఇక్కడికి వచ్చిన దశరథం మామ కలిసి, "మీ బాపు తీగె వంచి పోగులు లాగుతుండు, వేళ్లన్నీ గీసుకపోయినయి" అన్నాడు. ఉన్న ఒక్క కొక్కెం నాకు పంపి, ఒక్క మాటైనా రాయలేదేం? మామ చేతికే తిరిగి ఇచ్చి పంపాను.

అవ్వకు దండాలు, తమ్ముడికి దీవెనలు. కొక్కేనికి తొడిగిన తెల్ల గలీబు నేను అల్లిన మొదటి పని. వంకరగానే ఉంది, నవ్వకు. ఇక ఆ కొక్కెం ఎవరికీ ఇవ్వకు, నేనడిగినా సరే.

నీ బిడ్డ
శకుంతల