యూసుఫ్ వాళ్ళన్నయ్య సంగతి

మే 4
యూసుఫ్ దిగాడు. హనుమాన్ జంక్షన్‌లో, విశాఖ బస్సులోంచి — ఒక బ్యాగు, ఒక గొడుగు, నోటినిండా 'అండీ'. ఎం.ఏ. పొలిటికల్ సైన్సులో నా పక్క బెంచీ. గాజావాడు, డిగ్రీ నుంచీ విశాఖలోనే, తెలుగు పట్టేశాడు. సెలవులకు అందరూ ఇళ్ళకు పోయారు. "గాజాకు బస్సు లేదు కదరా, మా తోటకు రా" అన్నాను ఫోన్లో. నవ్వాడు. నా జోకులకు నవ్వడం వాడి బలహీనత.
ఆగిరిపల్లి దారిలో బండికి బర్రె అడ్డమొచ్చింది. దానికి కూడా "జరగండి" అన్నాడు. మా మండలంలో ఆ బర్రెకు దక్కిన మొట్టమొదటి గౌరవం.

మే 5
చిన్నరసం మామిడిపండు తినడానికి చాకు అడిగాడు. అమ్మ నిశ్చేష్టురాలైంది. నాన్న పూనుకుని, కాయ ఎలా పిసకాలో, ముచ్చిక ఎక్కడ కొరకాలో గంభీరంగా చూపించాడు. రెండు చొక్కాలు బలి — ఒకటి యూసుఫ్‌ది, ఒకటి గురువుగారిది.
చూడ్డానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "ఇంటి దగ్గర అందరూ బాగున్నారా బాబూ?"
"అన్నయ్య లేడండీ. బాంబు."
అంతే, ఇంకేం చెప్పడు. "అయ్యో పాపం" అంటారు. అమ్మ ఇంకో రెండు పళ్ళు వాడి ముందు పెట్టింది. సంతాపానికి అమ్మ దగ్గర వేరే పద్ధతి లేదు.
అది బాంబు కాదు. ఈ ఊళ్ళో ఆ విషయం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మే 6
రాసి పెట్టుకుంటాను. లేకపోతే నోట్లోంచి జారుతుంది.
ఈ ఏడు నా సెమినార్ — పాలస్తీనా రాజకీయాల్లో ముఠాలు, వంశాలు. నా ధోరణిలోనే చెప్పాను. "పెద్దనాన్న పార్టీకి వెస్ట్ బ్యాంక్, నాన్న పార్టీకి గాజా. ఒకసారి ఎన్నికలయ్యాయి, ఫలితం ఇద్దరికీ అరగలేదు, తుపాకులతో పంచుకున్నారు. ఎవరి పోలీసులు వాళ్ళకు. మళ్ళీ ఎన్నికల ఊసెత్తితే ఇద్దరికీ చెవుడు. మధ్యలో వంశాలు — ఒకే ఇంటిపేరు, వేలమంది, సొంత తుపాకులు. నెత్తిమీద ఆకాశం మాత్రం ఇద్దరిదీ కాదు." క్లాసంతా విరగబడి నవ్వింది. యూసుఫ్ కూడా.
ఆ సాయంత్రం బీచ్‌లో చెప్పాడు. అన్నయ్య పేరు సామీ. గాజాను ఏలే పార్టీ పోలీసుల్లో ఒకడు. సాయంగా వచ్చే పిండి లారీలకు ఎవరు కాపలా కాయాలనే తగువులో పార్టీకీ, వాళ్ళమ్మ పుట్టింటి వంశానికీ కాల్పులు. సామీని కాల్చింది మేనమామ కొడుకు. మన లెక్కలో బావ. మనం వేళాకోళమాడే వరస.
"మరి బాంబని ఎందుకు చెప్తావు?"
"బాంబంటే పాపం అంటారు. ఇది చెబితే, ఓహో మీలో మీరేనా అంటారు. తర్వాత నిజంగా బాంబులకు పోయినవాళ్ళ మాట చెప్పినా వినరు."
ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను. నవ్వకుండానే.

మే 8
కోత మొదలైంది. మా తోటకు దారి పెద్దనాన్న తోటలోంచే. పంచాయతీ ఎన్నికల్లో నాన్న అవతలి పార్టీకి తిరిగాక అక్కడ ముళ్ళకంచె లేచింది. అన్నదమ్ములకు అప్పట్నుంచీ మాటల్లేవు. మా కాయ గంపల్లో, మనుషుల నెత్తిన, కాలవగట్టు మీదుగా రోడ్డెక్కాలి. జారేవి జారుతున్నాయి. దెబ్బ తగిలిన కాయ షావుకారు ముట్టడు. ఈ కాపు కూడా ఇలాగే పోతే తోట కొట్టించేస్తానంటున్నాడు నాన్న.
యూసుఫ్ కంచె ముందు నిలబడి — "నీ సెమినార్‌లో పెద్దనాన్న పార్టీ అంటే… నిజంగా పెద్దనాన్నేనా?"
"నిజంగానే."
"నేను జోకనుకున్నాను."

మే 9
పెద్దనాన్నతో తాను మాట్లాడతాడట. ఎమ్మార్వోకు కూడా లేని ధైర్యం.

మే 10
పెద్దనాన్న వరండా. చుట్టూ నలుగురు పెద్దమనుషులు. పెద్దమ్మ కాఫీ తెచ్చింది. యూసుఫ్ రెండు చేతులా అందుకుని, నేలమీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు.
"పంచదార చాల్లేదా నాయనా?" ఇంకో కప్పు తెచ్చింది. అదీ మొదటిదాని పక్కకే చేరింది.
"పాలు విరిగినయ్యేమో చూడవే," అన్నాడు పెద్దనాన్న.
మూడోసారి మజ్జిగ వచ్చింది. వరస పెరిగింది.
ఇక నేను గొంతు సవరించుకున్నాను. వాళ్ళ దగ్గర తగువు తీర్చే పెద్దలు అవతలివాళ్ళ ఇంటికి వెళ్తే కాఫీ ముట్టరు. అడిగింది ఇస్తామన్నాకే తాగుతారు. తాగని కప్పు ఇంటివాళ్ళకు నామోషీ.
పెద్దనాన్న నవ్వలేదు. "ఏం కావాలి బాబూ?"
"కంచె అండీ. తీసేయండీ. పళ్ళు వెళ్ళాలండీ."
"ఒరేయ్ చైతూ, మీ నాన్న పంపాడా ఇతన్ని?"
"లేదు పెద్దనాన్నా. నాన్నకు తెలిస్తే నన్ను కంచె అవతలికి విసిరేస్తాడు."
"బాగుంది. మరి ఈ కాఫీలతో మీ దేశంలో గొడవలు ఆగినయ్యా బాబూ?"
"కొన్ని ఆగాయండీ."
"కొన్నా! మిగతావాటికి టీ పెట్టాల్సింది."
వరండా అంతా నవ్వు. ఆ నవ్వు నాది కావాల్సింది. ఇంకేమీ ఆలోచించలేదు — దానికి మించిన మాట ఒకటి నా దగ్గర ఉందని తప్ప.
"ఆగలేదు పెద్దనాన్నా. వీళ్ళన్నయ్య బాంబుకు పోలేదు. సొంత మేనమామ కొడుకే కాల్చాడు. ఒకడిది పార్టీ, ఒకడిది వంశం. వాళ్ళకూ ముందు కంచెలే. మనకింకా తుపాకులు రాలేదు, అంతే తేడా."
టైమింగ్ అద్భుతం. ఒక్కరూ కదల్లేదు.
యూసుఫ్ నా వైపు చూడలేదు. తన చెప్పుల వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి పెద్దనాన్న — "రేపు కంచె తీయిస్తాను. మీ నాన్నకు చెప్పు."
యూసుఫ్ కప్పు ఎత్తి, చల్లారిన కాఫీ మొత్తం తాగాడు. అడిగింది ఇచ్చారు కదా. పద్ధతి.

మే 11
కంచె పోయింది. నాన్న, పెద్దనాన్న ఒకే చోట నిలబడి ఒకే ట్రాక్టర్ డ్రైవర్ని తిట్టారు. ఇంతకు మించిన సయోధ్య మా వంశంలో లేదు.
"ఏం మాట వేశావురా!" అని అందరూ నా భుజం తడుతున్నారు. "చదువు వృథా పోలేదు" — నాన్న నోటివెంట, మొదటిసారి. ఈ మాట కోసం ఎన్నేళ్ళు చూశానో. విని తలెత్తలేకపోయాను.
యూసుఫ్ బ్యాగు సర్దేశాడు. అమ్మ గడ్డి పరిచి, పెట్టె నిండా కాయలు కట్టింది.
జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డాం.
"తిట్టరా," అన్నాను.
"కంచె పోయింది కదా."
"అయినా తిట్టు."
"మా అన్నయ్య మీ ఇంటికి పనికొచ్చాడు." కోపంగా కూడా అనలేదు. బస్సెక్కాడు. కిటికీలోంచి అమ్మకు థాంక్స్ చెప్పమన్నాడు.

మే 13
సారీ అని మెసేజ్ పెట్టాను. పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా పడింది, అలవాటులో. తీసేశాను. అప్పటికే చూశాడు.

మే 14
టీ కొట్టు. టీవీలో గాజా — కూలిన మేడ, దుప్పట్లో చుట్టిన పిల్ల. పోయిన వారం ఇదే బల్ల మీద "అయ్యో" అన్నారు. ఇవాళ మా కోత మేస్త్రీ సుబ్బారావు బాబాయ్ — "వాళ్ళల్లో వాళ్ళే కాల్చుకుంటారంటగా. మన చైతూ చెప్పాడు."
"అది వేరే బాబాయ్. ఇది బాంబే."
"అంటే ఆ రోజు అబద్ధం చెప్పావా?"
"కాదు. అదీ నిజమే. ఇదీ నిజమే."
"ఏదో ఒకటి తేల్చుకో నాయనా. రెండూ అంటే మేమెవరికని ఏడవాలి?"
బల్లంతా నవ్వింది. బ్రహ్మాండంగా పేలింది. టీ తాగి వచ్చేశాను.
ఇంట్లో అమ్మ కూడా. ఆ వార్త రాగానే "ఇంటి గొడవలంటలే" అని సీరియల్ పెట్టింది. రెండేసి పళ్ళు ముందు పెట్టిన అమ్మ. తనను ఏమనను? యూసుఫ్ బీచ్‌లో చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది, మా ఇంట్లో, నా వల్ల.

మే 15
నాన్న, పెద్దనాన్న పేకాట. పెద్దమ్మ పులిహోర పంపింది. అందరూ సుఖంగా ఉన్నారు.

మే 18
యూసుఫ్ ఫోన్! మొదటి రింగుకే ఎత్తాను.
వాళ్ళమ్మ మాతో మాట్లాడుతుందట — కొడుక్కి అన్నం పెట్టిన ఇల్లని. రేపు సాయంత్రం, అక్కడ నెట్ దొరికితే. మధ్యలో యూసుఫ్ ఆవిడ మాట తెలుగులోకి, మా మాట అరబ్బీలోకి మార్చి చెప్తాడు.
"ఏం మాట్లాడాలి?"
"మీ అమ్మగారికి దీవెనలు చెప్తుంది. తర్వాత అన్నయ్య సంగతి చెప్తుంది. అందరికీ చెప్తుంది. బాంబంటుంది."
"ఆవిడకు తెలియదా?"
"కాల్చింది ఆవిడ అన్న కొడుకు. తెలియకేం." మళ్ళీ తనే — "నువ్వు కొత్తగా విన్నట్టు వినాలి. అంతే. వస్తుందా నీకు?"
వస్తుందన్నాను.
అమ్మకు చెప్పాను. "తెలిసి తెలిసి తెలియనట్టా? నావల్ల కాదురా. నువ్వు మాట్లాడు, నేను పక్కన కూర్చుంటాను."
అద్దం ముందు ముఖం పెట్టి చూసుకున్నాను. ఏ ముఖం పెట్టినా వేషంలాగే ఉంది.
రేపు అక్కడ నెట్ దొరక్కపోతే బాగుండు అనుకున్నాను. అక్కడ నెట్ పోయిందంటే బాంబులు పడ్డాయనే అర్థమని తెలిసి కూడా. ఇంతసేపూ అదే అనుకుంటున్నాను.