అరవై ప్రశ్నల కాగితం

కొవ్వూరు,
17-11-2024.

చి. శ్రీదుర్గకు నాన్న ఆశీస్సులు.

నేను కులాసా అని మొదలుపెట్టడం ఆనవాయితీ. బీపీ అదుపులో ఉంది. అంతవరకు కులాసానే.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోన్లో చెబితే నేను అడ్డుపడతానని ఉత్తరం రాశానన్నావు. నేనూ ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్లో అయితే మధ్యలో ఆగిపోతాను.

గోవాలో సముద్రం సర్వే చేసే ఓడ మీద వచ్చిన ఉద్యోగం వదులుకుని, నన్ను చూసుకోవడానికి ఇక్కడికి వచ్చేస్తానన్నావు. అమ్మ పోయి నాలుగు నెలలైనా నేను ఇంకా తేరుకోలేదన్నావు. ఇంకో కారణం కూడా రాశావు. మనుషుల స్వభావాలు ఏ రకమో తేల్చే ఆ పరీక్షలో నీకు సరిగ్గా మధ్యలో వచ్చిందట. సగం అన్వేషి, సగం సంరక్షకురాలు. ఎటూ తేలక, నువ్వు కోర్సు చదివే రోజుల్లో అమ్మకు పోస్టులో పంపి నింపించిన కాగితం తీసి చూశావట. అమ్మ పూర్తిగా సంరక్షకురాలు. నేను అమ్మ కూతుర్నే కదా నాన్నా, నాదీ అదే దారి అని రాశావు.

ఇక్కడ సార్వా వరి కోతలు మొదలయ్యాయి. ఎదురింటి లోవలక్ష్మి గారు రోజూ కూర పంపుతున్నారు. నేను అన్నం వార్చడం చూసి, "వదినుంటే మురిసిపోయేది కాదండి అన్నయ్యగారూ, వంక పెట్టేది" అన్నారు. నిజమే.

ఆవిడే ఒక సంగతి చెప్పారు. జాకెట్ గుడ్డలకని అమ్మ నెలకోసారి రాజమండ్రి వెళ్లేది, గుర్తుందా. "గుడ్డ కొనడం అరగంట పనండి. తక్కినంతసేపూ అక్కడ గోదావరి రేవు మెట్ల మీద కూర్చునేదండి. నేనూ వస్తానంటే వద్దనేది. ఇవతల నుంచి చూస్తే మన కొవ్వూరు ఎంత చిన్నగా ఉంటుందో వదినా, అనేది" అన్నారు.

మొన్న గురువారం బస్సెక్కి వెళ్లి ఆ మెట్ల మీద కూర్చున్నాను. చిన్నగానే ఉంది. మన ఇల్లు కనపడదు.

నిర్ణయం నీది. తొందరపడకు.

మీ నాన్న,
హరిబాబు.

తా.క. కవరు అంటించి మళ్లీ విప్పాను. అసలు సంగతి రాయకుండా పంపబోయాను.

ఆ కాగితం అమ్మ నింపలేదు. నేను నింపాను.

మన ఇంట్లో రేషన్ కార్డు, గ్యాసు, బ్యాంకు, ఏ ఫారమైనా నేనే నింపేవాణ్ణి. ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు గళ్లు నింపిన చెయ్యి. వేలు పెట్టి చూపించిన చోట అమ్మ సంతకం చేసేది. నువ్వు పంపినదాన్నీ అలాగే ముందేసుకున్నాను. అమ్మ పిండి రుబ్బుతూ, "చదవండి, చెబుతాను" అంది. అరవై ఉన్నాయి, ఎప్పటికి తెములుతుంది, నీ సంగతి నాకు తెలీదా అన్నాను. పది నిమిషాల్లో ముగించాను. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఏమని తేల్చారండి నన్ను?" అంది. నవ్వుతూనే అంది. సంతకం పెట్టింది.

ఒంటరిగా కొత్త చోట్లకు వెళ్లడం ఇష్టమా అన్నది పదిహేడో ప్రశ్న. కాదు అని టిక్కు పెట్టాను.

నీ ఉత్తరం చూశాక నెట్ సెంటర్లో ఆ ప్రశ్నలు మళ్లీ ప్రింటు తీయించాను. ఈసారి అమ్మ ఏం చెప్పేదో అదే రాద్దామనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ల కాపురం. అరవైలో తొమ్మిది ప్రశ్నలకే రాయగలిగాను. అందులో పదిహేడోది లోవలక్ష్మి గారు చెప్పబట్టి.

నీ కాగితం నువ్వే నింపుకున్నావు. దాన్నే నమ్ము. ఒకటో తారీకున ఓడెక్కు. నేను వంట నేర్చుకుంటున్నాను.

తొమ్మిదే నింపిన ఈ కొత్త అమ్మ కాగితం ఇందులో పెడుతున్నాను. నీకు తెలిసినవి నింపి పంపు. తెలియనివి ఖాళీగానే వదిలెయ్యి.