గంప కింద అంటు

జూన్ 5, 2022, ఆదివారం

ఈ డైరీ ప్రణీత్ సార్ ఇచ్చారు. కంపెనీ డైరీ, అట్ట మీద మామిడిపండు బొమ్మ. నోట్స్ రాసుకోమన్నారు. నోట్స్ సంగతి తర్వాత, ముందు నా గోడు రాసుకుంటాను.

డిసెంబరుకి మా నర్సరీకి యాభై ఏళ్ళు. పెనుకొండకీ హిందూపురానికీ మధ్య కంపచెట్లు తప్ప ఏమీ లేని బీట్లో మొక్కలు పెంచుతానని జయరామ్ గారు అంటే జనం నవ్వారట. ఆయన బావి తవ్వించి, షెడ్లు వేసి, పనివాళ్ళకి క్వార్టర్స్ కట్టించారు. క్వార్టర్స్ వచ్చాక అంగడి వచ్చింది, తర్వాత టీ బంకు, స్కూలు, బస్ స్టాపు. ఇప్పుడు కండక్టర్లు కూడా నర్సరీ కాలనీ అనే అరుస్తారు.

ఈ చరిత్రంతా పుస్తకం వేస్తారట. రాయాల్సింది నేనట. డిస్పాచ్ సెక్షన్‌లో తప్పుల్లేకుండా తెలుగు రాసేది వెన్నెల ఒక్కతే అని ఎవరో సార్‌కి చెప్పారు. ఆ ఎవరో దొరికితే చెప్తాను. సార్ జయరామ్ గారి మనవడు, బెంగుళూరులో చదివొచ్చాడు. టైటిల్ కూడా రెడీ: ఒకే తల్లి, ఒకే కాలనీ.

తల్లి అంటే ఆఫీసు ముందరి బేనీషా మామిడి. కాలనీలో పెళ్ళి కుదరాలంటే జాతకాలు చూడరు. అమ్మాయీ అబ్బాయీ కలిసి ఆ చెట్టు పుల్ల కోసి, కుండీలో ఉన్న నాటు మొక్కకి అంటు కట్టాలి. దాన్ని చెట్టు కిందే పెట్టి గంప బోర్లిస్తారు. నెల రోజులు ఎవరూ గంప ఎత్తకూడదు. నెలకి పెద్దలు వచ్చి ఎత్తుతారు. పుల్ల చిగురిస్తే పెళ్ళి, లేకపోతే లేదు. పెళ్ళయ్యాక ఆ మొక్కనే ఇంటి ముందర నాటుకుంటారు. అలా ప్రతి ఇంటి ముందరా ఒక బేనీషా.

పేరుకి.

జూన్ 12

మామిడి సీజన్ అయిపోతోంది. ఇంటర్వ్యూల పేరుతో ఇంటింటికీ తిరిగి పండ్లు తింటున్నాను. ఉద్యోగం అంటే ఇలా ఉండాలి.

అయితే ఒక చిక్కు. ధనలక్ష్మత్త వాళ్ళింటి పండంతా పీచు. మా ఇంటిది గుండ్రంగా, ముక్కు లేకుండా ఉంటుంది. ఎదురింటిది పుల్లన. మా అవ్వ పక్క క్వార్టర్‌లోనే ఉంటుంది, ఆమె చెట్టు పండు తొక్క తీస్తే జీలకర్ర వాసన. అలాంటి వాసన కాలనీలో ఇంకే చెట్టుకీ లేదు. చిన్నప్పటి నుంచీ తింటూనే ఉన్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు.

అంటు కడితే తల్లి చెట్టు పండే రావాలి. అందుకే కదా జనం ధర్మవరం నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చి మా దగ్గర అంటుమొక్కలు కొనేది. నాయన ఇక్కడ సూపర్‌వైజర్. కౌంటర్లో నిలబడి రోజంతా చెప్పేది అదే. అదే నాయనని ఇంట్లో అడిగితే, మన్నుమ్మే, ఒక్కో ఇంటికాడ ఒక్కో మన్ను, అంటాడు. మా ఇంటికీ అవ్వ ఇంటికీ మధ్య గోడ తప్ప ఏముంది?

ధనలక్ష్మత్తా మన్నే అంది. ఎదురింటివాళ్ళూ మన్నే అన్నారు. అంటు కట్టి బతికే జనం ఇంత పచ్చి అబద్ధం ఇంత నిమ్మళంగా ఎలా చెప్తారు!

జూన్ 26

రాయకుండా తప్పించుకుంటున్న సంగతి రాసేస్తాను. వీరేష్.

అగళి వాడు. మాటలో సగం కన్నడ. మా టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో పని. తెల్ల కోటు వేసుకుని గాజు సీసాల్లో అరటి పిలకలు పెంచుతాడు. డిస్పాచ్‌కి లిస్టు ఇవ్వడానికి వచ్చి లిస్టు ఇవ్వకుండా నిలబడతాడు. నాకు ఇష్టం. చాలా ఇష్టం. ఇక్కడ అబద్ధం ఎందుకు?

ఈ రోజు నాయనతో చెప్పాను. నాయన చాలాసేపు గడ్డం గోక్కుని, మీ అవ్వనడుగు అన్నాడు. అవ్వ పేరు అంజినమ్మ. ఈ గంప ఆచారంలో మొదటి పెళ్ళి ఆమెదే, అందుకని గంపకి ఆమే కాపలా. అవ్వ ఏమందంటే, మన్నులో చేయి పెట్టనోడు ఏం మొగోడుమే, సీసాలో మొక్క పెంచేటోడు రేపు నిన్నూ సీసాలోనే పెడతాడు, అంది. అయినా కట్టనీ, పడితే చూద్దాం, పట్టకపోతే ల్యాదంతే. మళ్ళీ యేడాదికే, అని తేల్చేసింది.

యేడాది ఎవరు ఆగుతారు? వాళ్ళమ్మ అగళిలో అప్పుడే వేరే సంబంధం చూస్తోంది.

జూలై 10, ఆదివారం

అంటు కట్టాం. ఆషాఢంలో పెళ్ళి మాటలు ఎత్తరు గానీ అంటుకి ఇదే మంచి కాలం.

కాలనీ అంతా చుట్టూ చేరింది. నేను పుల్ల చెక్కాను, బాగానే వచ్చింది. కట్టు వీరేష్ కట్టాలి. పుల్లని ఒకసారి కింద పడేశాడు, తుడిచి మళ్ళీ పెట్టాడు. మా ప్లాస్టిక్ రిబ్బన్ వద్దని ల్యాబ్ నీలం టేపు చుట్టాడు, దెబ్బ తగిలిన వేలికి చుట్టినట్టు. ధనలక్ష్మత్త మొగుడు సంజీవప్ప మామ కళ్ళు మూసుకున్నాడు. అవ్వ గంప బోర్లించింది. రోజూ పొద్దున్నే గంప మీదుగా చెంబెడు నీళ్ళు పోసేదీ ఆమే.

జూలై 17

ధనలక్ష్మత్త ఇంట్లో ఇంటర్వ్యూ. మామ బయటికి వెళ్ళగానే తలుపు దగ్గరికేసి, నా చేయి పట్టుకుని చెప్పింది. ఆళ్ళ పెళ్ళప్పుడు అంటు పట్టలేదట. గంప ఎత్తే ముందురోజు ఆమే కుండీ మార్చేసిందట. మడిలో చేతికి దొరికిన మొక్క పెట్టేసినా, ఏం మామిడో కూడా చూల్యా, అంది. మీ మామకి తెలిస్తే సచ్చిపోతాడు, బుక్కులో రాయొద్దమ్మా.

జూలై 18

సంజీవప్ప మామ టీ బంకు దగ్గర ఆపాడు. పక్కకి తీసుకెళ్ళాడు. ఆయన కూడా మార్చాడట! అది కూడా అదే రోజు, సాయంత్రం. ఎండిపోయిందేమో చూద్దామని కూడా గంపలోకి చూడలేదట, భయానికి. మీ అత్తకి తెలిస్తే సచ్చిపోతాది, అన్నాడు.

టీ ముక్కులోకి పోయింది నాకు.

జూలై 24

ఎదురింటివాళ్ళు మార్చారు. వాటర్ ట్యాంకు పక్కన ఇంట్లో అత్తగారు మార్చింది. మా అమ్మ గంగాదేవి కూడా! ఆ రోజుల్లో మీ నాయన కట్టు కడితే గొర్రెని కట్టేసినట్టే ఉండేదిలే, ఏం చేసేది మరి, అని కూర తాలింపు వేసుకుంటూ చెప్పింది. ప్రతి ఒక్కరూ తామొక్కరే దొంగ అనుకుంటున్నారు. ప్రతి ఒక్కరూ బుక్కులో రాయొద్దనే అంటున్నారు.

యాభై ఏళ్ళ చరిత్ర. అందులో రాయదగ్గది ఒక్క ముక్క లేదు.

జూలై 30, హిందూపురం

జయరామ్ గారి భార్య ఇందిరమ్మ గారి ఇంటికి వచ్చాను. ఎనభై దాటాయి, పళ్ళన్నీ ఉన్నాయి, నవ్వితే ఇల్లంతా వినిపిస్తుంది.

మొదటి పెళ్ళి కథ చెప్పారు. అవ్వది నల్లచెరువు, తాత పోతులయ్యది అగళి. (అగళి! తాతది అగళి అని అవ్వ నా దగ్గర ఎప్పుడూ అనలేదు. తాత నేను పుట్టకముందే పోయాడు.) ఇద్దరూ ఇక్కడ పనికి వచ్చి ఒకరికొకరు నచ్చారు. మాట యాసే వేరు, ఆడికి పిల్లనిచ్చేది లేదని అవ్వ వాళ్ళు కట్టెలు పట్టుకుని వచ్చారట. అప్పుడు జయరామ్ గారు, రెండు వేర్వేరు మొక్కలు ఒకటైతే ఈ ఇద్దర్నీ ఒకటి కానివ్వండి అని అందరి ముందూ అంటు కట్టించారు.

మా ఆయన ఉపన్యాసం చెప్పుకుంటా ఎండు పుల్ల తుంచి ఇచ్చినాడమ్మా, అన్నారావిడ. అది ఏ జన్మలో పడుతుంది? పుట్టింటి నుంచి తెచ్చుకున్న జీలకర్ర మామిడి అంటు ఒకటి నా దగ్గర ఉండె. పెట్టేసినా. అంజినమ్మకి చెప్పొద్దు, పాపం నమ్ముకోని ఉండాది.

తిరుగు బస్సులో నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్కావిడ జరిగి కూర్చుంది.

ఆగస్టు 3

చూశాను. ఆగలేకపోయాను. గంప సందులోంచి.

పుల్ల నల్లబడింది.

ఆగస్టు 4

ఏడ్చాను. అంతే.

ఆగస్టు 7

వీరేష్‌కి చెప్పాను. అగళిలో వాళ్ళమ్మ ఆ సంబంధం వాళ్ళని శ్రావణం దాటేలోపు రమ్మందట. గంప ఎత్తడం పన్నెండో తేదీ, శుక్రవారం. కుండీ మారుద్దామా అని నేనే అడిగాను. వద్దన్నాడు. మీ అవ్వ నన్ను మొగోడే కాదంటాది, ఇంక దొంగని కూడా అనిపించుకోవాల్నా, అన్నాడు. మళ్ళీ తనే, నా తాన ఉండేది అరటి సీసాలే, పెట్టినా కనిపెడతారు, అన్నాడు. ఏడుపులో నవ్వు వచ్చింది.

ఒక మంచి మాట కూడా చెప్పాడు. నిన్న అవ్వ ల్యాబ్‌కి వచ్చిందట! ల్యాబ్ కట్టినప్పటి నుంచీ ఆ గడప తొక్కడం ఇదే మొదటిసారి. కళ్ళజోడు కాడ విరిగిందని నీలం టేపు కొంచెం అడిగి తీసుకుందట. సీసాలన్నీ చూసి, ఎండ తగలకుండా ఎట్ల బతుకుతాయప్పా ఇవి, అందట. మనసు మారుతుందేమో అని వీడి ఆశ. కళ్ళజోడు బాగు చేసినంత మాత్రాన మనసు మారుతుందా? అవ్వ మీద నాకు పీకల దాకా కోపంగా ఉంది. ఇన్ని దొంగ పెళ్ళిళ్ళు చూసిన గంప, నా దగ్గరికొచ్చేసరికి నీతి మాట్లాడుతుందా?

ఆగస్టు 11, మధ్యాహ్నం

లంచ్ టైమ్. వాడు వద్దన్నా సరే. మడిలోంచి మంచి బేనీషా అంటు ఒకటి తీసి, స్కూటీ ముందు పెట్టుకుని, పైన చున్నీ కప్పి వెళ్ళాను. వాచ్‌మన్ కునుకు తీస్తున్నాడు. గంప ఎత్తాను.

చిగురు! ఎర్రగా, వేలెడంత చిగురు. పుల్ల చుట్టూ అదే నీలం టేపు, అదే వంకర కట్టు.

ఎవరో నాకంటే ముందే వచ్చి వెళ్ళారు. వీరేషే. నా దగ్గర ఎంత నీతి పలికాడు!

తిరిగి వస్తుంటే కొళాయి దగ్గర నాయన. తువ్వాలు కింద ఏదో కుండీ. నన్ను చూసి ఉలిక్కిపడి, మొక్కకి నీళ్ళు పడతాండా, అన్నాడు. కొళాయి కట్టే ఉంది. నేను నా చున్నీ సర్దుకున్నాను. ఆయన అటు, నేను ఇటు.

ఆగస్టు 12, శ్రావణ శుక్రవారం

అవ్వ గంప ఎత్తింది. జనం అరుపులకి చెట్టు మీద కాకులు లేచిపోయాయి. అవ్వ కుండీ చుట్టూ తిరిగి, టేపు తడిమి, వీరేష్ వంక ఎగాదిగా చూసి, కట్టు దరిద్రంగా ఉండాది గానీ చేయి మంచిదేలేప్పా, అంది.

నాయన మొహం చూడాలి. నన్ను చూస్తాడు, కుండీని చూస్తాడు.

ఆగస్టు 13

వీరేష్ ఒట్టేసి చెప్తున్నాడు తను కాదని. నేనే అనుకున్నాడట. నేను కాదని నేను ఒట్టేశాను. అమ్మని అడిగితే, నేనూ పోదామనుకున్నా, తాలింపు మాడిపాయె, అంది.

మరి ఎవరు?

నవంబరు 20

ధర్మవరంలో పెళ్ళి చీర కొన్నాం. మామిడి పిందెల అంచు. అవ్వే ఏరింది. షాపు వాడు వేరేవి చూపిస్తుంటే చేయి తోసేసింది. కళ్ళజోడు ముక్కు మీద నిలబెట్టి జరీ చూస్తుంటే గమనించాను, కాడ బాగానే ఉంది, టేపు లేదు. బాగు చేయించుకుందేమో.

నవంబరు 27

పుస్తకం ప్రెస్సుకి వెళ్ళింది. ప్రణీత్ సార్‌కి చాలా నచ్చిందట. ముఖ్యంగా, మన కాలనీ మట్టికి ఒక ప్రత్యేక గుణం ఉంది, ఒకే తల్లి చెట్టు అంటు ఇంటింటికీ వేరే రుచి ఇస్తుంది, అన్న పేరా. ఎంత పోయెటిక్‌గా ఉంది అన్నాడు. ధనలక్ష్మత్త, సంజీవప్ప మామ వేర్వేరుగా వచ్చి నాకు థాంక్స్ చెప్పారు.

డిసెంబరు 11

పెళ్ళయింది. కొత్త క్వార్టర్ ముందర మొక్క నాటాం. గొయ్యి వీరేష్ తవ్వాడు. మన్నులో మోచేతుల దాకా చేతులు పెట్టాడు, అవ్వ చూసేటట్టు.

మే 25, 2025, ఆదివారం

మొదటి కాపు. పండింది ఒక్కటే. అవ్వని కూర్చోబెట్టి, కోసి, ముందు ముక్క ఆమెకే ఇచ్చాను. తొక్క తీయగానే ఇల్లంతా జీలకర్ర వాసన.

నేను అవ్వ మొహం చూశాను. వీరేష్ నా మొహం చూశాడు. అవ్వ నిదానంగా తినింది, టెంక కూడా చీకింది. చీకి, మీ మన్ను మంచిదిమ్మే, అంది.